వ్యాసము దిద్దు యంత్రము

విశాఖపట్టణమున ద్వారకానగరము మీదుగా నడచువారికి, విదేశవిద్యకై ఆంగ్లపరీక్షలకు తర్ఫీదు నిచ్చెదమను ఫలకములు కానవచ్చును. మన బిడ్డలనేకులు ఇంటిసొమ్ము వెచ్చించి యా పరీక్షల కేగుచున్నారు. అందు కొన్నింట వారి వ్యాసమునకు మార్కులు వేయునది మనుష్యుడు మాత్రమే కాడు, యంత్రము గూడ. ఈ సంగతి తల్లు లెఱుగవలసియున్నది.

ఇది క్రొత్త యూహ కాదు. 1966లోనే అమెరికాయందు ఎల్లిస్ పేజ్ అను పండితుడు కంప్యూటరుచే వ్యాసములు దిద్దించు విధమును ప్రకటించెను. 1999లో జీమ్యాట్ ప్రవేశపరీక్షయందు ఈ-రేటర్ అను యంత్రము మానవపరీక్షకుని సరసన చేరెను. 2009లో వెలసిన పీటీఈ అకడమిక్ పరీక్షవారు తొలుత నా పనిని యంత్రమునకే విడిచిరి.

ఇట్టి యంత్రమునకు ముందుగా మనుష్యులు మార్కులు వేసిన వ్యాసములను వందలు వేలుగా చూపుదురు. నిడివి, వర్ణక్రమము, వ్యాకరణదోషములు, పదముల యెంపిక మొదలగువానిని లెక్కించి, యెట్టివానికి మంచి మార్కులు వచ్చినవో అది గ్రహించి, క్రొత్తవ్యాసమును ఆ త్రాసుననే తూచును. అలసట యెఱుగదు, తప్పులు పట్టుటలో దాని యుపకారము గొప్పది. కాని వ్రాసినది నిజమా యని యడుగనేరదు. 2014లో ఎం.ఐ.టి.కి చెందిన లెస్ పెరెల్మన్ విద్యార్థులతో గూడి, రెండు మూడు మాటలిచ్చినంతనే అర్థరహితమైన వ్యాసమును గ్రుమ్మరించు సాధనమును కల్పించెను. దిద్దుయంత్రములు ఆ వ్యాసములకు మంచి మార్కులే వేసినవి!

మే మెఱిగిన యొక బాలిక నగరకాలుష్యముపై వ్రాసిన వ్యాసమును మాకు చూపినది. అన్నియు బరువైన పదములు, కంఠస్థము చేసిన వాక్యములు. ఆమె యిల్లు ఓడరేవు చేరువను గలదు. డాబాపై నారవేసిన బట్టలమీద బొగ్గుధూళి పడుచుండును. వ్యాసమున నా ధూళి రేణువైనను లేదు. "అదేమమ్మాయీ?" యన్నచో, "మాకు నేర్పిన మూసలో అది పట్టదండీ" యన్నది.

తల్లులకు మా మనవి. మాకు ఇంగ్లీషు రాదని తొలగిపోకుడు. "ఏమి చెప్పితివి? ఏల చెప్పితివి? నీవు కన్నులార చూచినదేది?" అని తెలుగుననే యడుగుడు. బిడ్డ మూడు మాటలలో చెప్పగలిగినచో వ్యాసమున సరకున్నట్లే. చెప్పలేనిచో, ఎన్ని మార్కులు వచ్చినను అది డొల్లయే. పరీక్ష యొక్కనాటిది, పిమ్మట పరదేశమున నామె మాట వినవలసినవారు మనుష్యులు. అక్షరమును యంత్రము దిద్దుగాక, అర్థమును అమ్మ యడుగవలెను.