గోల్‌కీపర్ ప్యాడ్లు ఎవరు కొనాలి? - రాజోలు దీవి వాసులకు విజ్ఞప్తి

మస్కట్ అంటే కోనసీమకి పరాయి ఊరు కాదు. తాటిపాక చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా మస్కట్‌లోనో, కువైట్‌లోనో, దుబాయ్‌లోనో పనిచేసేవాళ్లు ఒక్కరైనా తేలతారు. ఆ మస్కట్‌లోనే 2024 జనవరిలో మొట్టమొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్ జరిగింది. జట్టుకి అయిదుగురు చొప్పున ఆడే పొట్టి హాకీ అది. భారత మహిళల జట్టు ఫైనల్ దాకా వెళ్లి, నెదర్లాండ్స్ చేతిలో 2-7 తేడాతో ఓడి రజతంతో తిరిగొచ్చింది. ఆ జట్టు కెప్టెన్ తెలుగమ్మాయి, ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని ఓ పల్లెటూరి నుంచి వచ్చిన ఎతిమర్పు రజని. గోల్‌కీపర్.

ఆమె గోల్‌కీపర్ కావడం ఇక్కడ ముఖ్యమైన సంగతి. పిల్లల హాకీకి డబ్బు అడ్డం పడేది చాలాసార్లు గోలు దగ్గరే.

మిగతా పిల్లలకి ఒక స్టిక్, కాలి ముందువైపు కట్టుకునే షిన్ గార్డులు, నోట్లో పెట్టుకునే మౌత్ గార్డు ఉంటే ఆట మొదలవుతుంది. గోలులో నిలబడే పిల్లకి అలా కుదరదు. హాకీ బంతి 160 గ్రాముల బరువుండే రాయిలాంటి ముద్ద. పెనాల్టీ కార్నర్‌లో పెద్దవాళ్లు కొట్టే డ్రాగ్ ఫ్లిక్ గంటకు 100 కిలోమీటర్లు దాటి వస్తుంది. పిల్లల ఆటలో అంత వేగం లేకపోయినా, పన్ను రాలడానికి అందులో సగం చాలు. అందుకని హెల్మెట్, ఛాతీ గార్డు, కాళ్లకి లావాటి ప్యాడ్లు, బూట్ల మీద కిక్కర్లు, రెండు చేతులకీ ప్రొటెక్టర్లు, నడుం కింద గార్డు కావాలి. మన దేశంలో తయారైన మామూలు రకం కొన్నా పాతిక, ముప్ఫై వేలు అవుతుంది. పేరున్న విదేశీ కంపెనీదైతే లక్ష దాటుతుంది. కొబ్బరి దింపుకి వెళ్లే తండ్రి, రొయ్యల ప్లాంటులో రోజుకూలీ చేసే తల్లి తమ కూతురికి ఆ కిట్ కొనలేరు. కొనాలని అడగడమే తప్పు.

తాటిపాక, రాజోలు, మామిడికుదురు, మలికిపురం చుట్టుపక్కల ఏ బడి అయినా, ఏ పీఈటీ మాస్టారైనా, ఏ యువజన సంఘమైనా పిల్లల హాకీ జట్టు పెట్టాలనుకుంటే కిట్ పిల్లది కాకూడదు, ఊరిది కావాలి. ఈ విజ్ఞప్తి అందుకోసమే.

లెక్క చూస్తే అంత భయపెట్టేదేమీ కాదు. 16 మంది జట్టుకి నేర్చుకునే రకం స్టిక్కులు ఒక్కోటి 1,500 చొప్పున 24,000 రూపాయలు. షిన్ గార్డులు జత 400 అనుకుంటే 6,400. బూట్లు 800 చొప్పున 12,800. రెండు డజన్ల బంతులకి ఏడు వేల పైచిలుకు. గోల్‌కీపర్ కిట్లు రెండు, 60,000. మొత్తం లక్షా పది వేలు. బేరం బాగా ఆడితే తగ్గుతుంది, జలంధర్ నుంచో మీరట్ నుంచో నేరుగా తెప్పిస్తే ఇంకా తగ్గుతుంది, రవాణాలో కొంత పెరుగుతుంది. సగానికి పైగా గోలు దగ్గరే పోయిందని గమనించాలి. అదే అయిదుగురి ఆటతో మొదలుపెడితే పది స్టిక్కులు, ఒక కిట్ చాలు. 91 మీటర్ల పొడవు మైదానం కూడా అక్కర్లేదు, బడి ఆవరణలో సగం సరిపోతుంది.

ఈ ఖర్చు ఒక్కసారితో అయిపోదన్నది నిజమే. స్టిక్ విరుగుతుంది, పిల్ల కాలు పెరుగుతుంది, బంతి కాలవలో పడుతుంది. (కోనసీమలో మైదానం పక్కన కాలవ లేని చోటు వెతకడమే కష్టం.) అసలు భారం మాత్రం ప్రయాణం. కృత్రిమ పచ్చిక మీద ఆడాలంటే కాకినాడ వెళ్లాలి. 2023 ఫిబ్రవరిలో దేశంలోని రాష్ట్రాల మహిళా జట్లు సీనియర్ జాతీయ పోటీలు ఆడింది ఆ మైదానం మీదే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆ టర్ఫ్ పక్క జిల్లాకి పోయింది. అలాంటిది ఇక్కడా ఒకటి వేయించుకోవాలంటే కోట్లు కావాలి, నీళ్లు కావాలి, పది పన్నెండేళ్లలో మళ్లీ మార్చాలి. దాని జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు. నెలకోసారి పిల్లల్ని కాకినాడ తీసుకెళ్లి ఆడించి తెస్తే టర్ఫ్ మీద బంతి ఎలా జారుతుందో తెలుస్తుంది. మట్టి నేల మీద మాత్రమే ఆడిన జట్టు రాష్ట్ర పోటీల్లో మొదటి పావుగంటలోనే ఎందుకు తడబడుతుందో పీఈటీలందరికీ తెలుసు.

ఇక్కడ ఆడపిల్లల జట్టుకి ఒక వెసులుబాటు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. పదహారు మంది పిల్లలు, ఒక టీచరమ్మ వెళ్లొస్తే భోజనాల ఖర్చే మిగులుతుంది. మొదటి జట్టు అమ్మాయిలదే పెట్టడానికి ఇంతకంటే కారణం కావాలా?

కిట్ ఊరిది కావాలని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇంకో దేశంలో కనిపిస్తుంది. అమెరికాలో ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్ 2019లో తల్లిదండ్రుల్ని అడిగి పిల్లల ఆటలకి ఏటా ఎంత అవుతుందో లెక్క తీసింది. అన్నిటికంటే పైన నిలిచింది మంచు మీద ఆడే ఐస్ హాకీ, ఏడాదికి ఒక పిల్లకి సగటున 2,583 డాలర్లు. నేల మీద ఆడే హాకీకి కూడా 2,000 డాలర్ల పైనే తేలింది. అక్కడ జట్టు అంటే వ్యాపారం. మంచు మైదానానికి అద్దె, కోచ్‌కి జీతం, ఊరూరా తిరిగే ‘ట్రావెల్ టీమ్’కి చందా, పోటీకి ప్రవేశ రుసుము. పోటీ పెట్టినవాళ్లు చెప్పిన హోటల్లోనే దిగాలని షరతు పెట్టే టోర్నమెంట్లూ ఉన్నాయి. బిల్లు ఎప్పుడూ తల్లిదండ్రులకే. కట్టగలిగినవాళ్ల పిల్లలు ఆడతారు, కట్టలేనివాళ్ల పిల్లలు మానేస్తారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన కోనసీమ కుటుంబాలకి ఈ బిల్లుల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

మన దగ్గర అంతదాకా రాలేదని నిశ్చింతగా ఉండడానికీ లేదు. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ అంతటివాడు 2025 ఫిబ్రవరిలో, డబ్బున్న కుటుంబం కాకపోతే పిల్లల్ని ఆటలే జీవనంగా పెట్టుకోనివ్వొద్దని బహిరంగంగా సలహా ఇచ్చాడు. ఆయన అకాడమీలో పెరిగిన మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్ 2023 ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి స్వర్ణం తెచ్చాడు. అలాంటి శిష్యులున్న గురువే ఆ మాట అన్నాడంటే ఊరికే కొట్టిపారేయడానికి లేదు.

ఆట డబ్బున్నవాళ్లకే పరిమితం కాకుండా చూసే దారి ఒడిశాలో ఉంది. సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లోనూ, దాన్ని ఆనుకున్న జార్ఖండ్ ఊళ్లలోనూ ‘ఖస్సీ’ టోర్నమెంట్లు జరుగుతాయి. ఖస్సీ అంటే మేకపోతు. గెలిచిన జట్టుకి బహుమతి అదే, సాయంత్రం దాన్నే కోసుకుని ఊరంతా తింటారు. పిల్లలు వెదురు ముక్కలతో చేసిన కర్రలతో మొదలుపెడతారు. భారత హాకీ మాజీ కెప్టెన్ దిలీప్ తిర్కీ లాంటివాళ్లు ఆ జిల్లా నుంచే వచ్చారు. ఆ పునాది ఉంది కాబట్టే 2018లో ఒడిశా ప్రభుత్వం భారత జట్లకి స్పాన్సర్‌గా నిలిస్తే అది జనానికి సొంత పనిలా అనిపించింది. సంక్రాంతి మూడు రోజుల్లో కోడిపందేల బరుల్లో మన దీవిలో చేతులు మారే సొమ్ముతో ఎన్ని ఖస్సీలు వస్తాయో ఎవరి లెక్క వాళ్లే వేసుకోవచ్చు.

హాకీ ఇండియా లీగ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు అడుగుతారు. ఏడేళ్ల విరామం తర్వాత ఆ లీగ్ 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. వేలంలో హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలు పలికాడు, అమ్మాయిల్లో ఉదిత 32 లక్షలు. హైదరాబాద్ తూఫాన్స్ జట్టు ఫైనల్‌కి వెళ్లి ఓడింది. ఈ అంకెలు చూపించి పిల్లల్ని చేర్చుకోవడం మోసం. ఆ మెట్టుకి చేరేది వేలల్లో ఒకరు. ఖేలో ఇండియాకి ఎంపికైతే నెలకి 10,000 రూపాయల చేతిఖర్చు వస్తుంది, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటా ఈ మధ్యే 2 నుంచి 3 శాతం అయింది. నిజమే, కానీ ఇవన్నీ పిల్ల ఎంపికయ్యాక వచ్చేవి. పదకొండేళ్లకి స్టిక్ పట్టుకున్న రోజు నుంచి పదహారేళ్లకి ఎవరో గుర్తించే రోజు దాకా ఉన్న అయిదేళ్లకి మాత్రం ఏ పద్దూ లేదు. హర్యానాలోని షాహాబాద్‌లో రాణీ రాంపాల్ చిన్నతనంలో, ఒక్కొక్కరూ అరలీటరు పాలు తెచ్చుకోవాలని శిక్షణలో నియమం పెడితే, ఇంట్లో 200 మిల్లీలీటర్లకే స్తోమత ఉంటే, నీళ్లు కలుపుకుని తాగేదాన్నని తర్వాత చెప్పింది. ఆమే టోక్యో ఒలింపిక్స్‌లో భారత జట్టు కెప్టెన్.

ఆ అయిదేళ్లూ ఊరు మోయాల్సినవి.

ఎవరు మోస్తారు? దీవిలో అన్నిటికంటే పెద్ద పేరు చమురు సంస్థదే. తాటిపాకలో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ 2001 నుంచి నడుస్తోంది, ఏటా 66 వేల టన్నుల సామర్థ్యంతో. 1995 పాశర్లపూడి బ్లోఅవుట్ మంటలు చూసినవాళ్లు, 2014 జూన్‌లో నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలుడుకి అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలంటుంది, పనిచేసే ప్రాంతానికి ముందు చోటివ్వాలంటుంది, గ్రామీణ క్రీడల శిక్షణని ఆ జాబితాలో పేరు పెట్టి చేర్చింది. ఓఎన్‌జీసీకి సొంత హాకీ జట్టే ఉంది. కాబట్టి ఇది చేయి చాచి అడగడం కాదు. పంచాయతీ తీర్మానం, ప్రధానోపాధ్యాయుల సంతకం, రెండు పేజీల ఖర్చుల అంచనాతో వెళ్లి అడగాల్సిన విషయం. నోటి మాటగా అడిగితే కాగితం కదలదు.

అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. పదో తరగతి బ్యాచ్‌ల పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు ఏటా జరుగుతున్నాయి, శాలువాలూ జ్ఞాపికలూ పంచుకుంటున్నారు. ఒక బ్యాచ్ ఒక ఏడాది జ్ఞాపికలు మానేస్తే పది స్టిక్కులు. పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి తగ్గితే ఒకటి. మస్కట్, కువైట్‌లలో ఉన్నవాళ్లు పదిమంది కలిస్తే ఒక గోల్‌కీపర్ కిట్. కొబ్బరి వ్యాపారులు కాకినాడ ప్రయాణానికి భోజనాలు చూసుకోవచ్చు.

ఇచ్చేవాళ్లు ఒక్క షరతు పెట్టాలి. ప్రతి స్టిక్‌కీ ఒక నెంబరు, బడిలో ఒక స్టాకు రిజిస్టరు, తీసుకున్న పిల్ల సంతకం, పొడుగెదిగితే పాతది తిరిగి అప్పగింత. జమాఖర్చులు బడి నోటీసుబోర్డు మీద నెలనెలా అంటించాలి. జట్టు ఎంపికకీ చందాకీ ఏ సంబంధమూ ఉండకూడదు. పదివేలు ఇచ్చినాయన మనవరాలు బెంచి మీదే కూర్చోవాల్సి వస్తే కూర్చోవాలి. చందాలు తీసుకున్న సంఘాలు చాలావరకు విడిపోయేది ఆట దగ్గర కాదు, ఈ రెండు విషయాల దగ్గరే.

ఆగస్టు 29, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. ఆ రోజుకి మొదటి కొనుగోలు పూర్తి చేసుకోవడం కష్టమేమీ కాదు. గోల్‌కీపర్ కిట్లు రెండూ ఒకే సైజులో తెప్పించొద్దు. ఆరో తరగతి పిల్లకీ పదో తరగతి పిల్లకీ ఒకే ప్యాడ్లు పట్టవు, వదులుగా ఉన్న ప్యాడ్‌తో పక్కకి దూకితే మోకాలు పోతుంది.