విత్తనమునుండియే పెంచుదము

ఎడారిమొక్కను కొనువారు దాని పుట్టుకను విచారింపరు. విచారింపవలెనని నా అభిప్రాయము. నాగజెముడు కుటుంబములోని ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్ అను చిన్నమొక్కను చూడుడు. దానికి ముండ్లు లేవు. సాధారణముగా ఎనిమిది తొనలతో, బిళ్లవలె నేలకంటుకొనియుండి, అనావృష్టియందు కుంచించుకొని మట్టిలో దాగును. పచ్చని పువ్వు నడుమ ఎఱుపు. ఈ యందమే దానికి చేటయ్యెను. మెక్సికోలోని తమౌలిపాసునందును, అమెరికాలోని టెక్సాసునందును బీళ్లు దున్నుటచేతను, జనులు మొక్కలను పెకలించుకొనిపోవుటచేతను అది క్షీణింపగా, 1993లో అమెరికా ప్రభుత్వము దానిని అంతరించు అపాయముగల మొక్కగా ప్రకటించెను.

విత్తనము మొలపించుట కష్టము కాదు. ఇసుకయు సన్నని గులకయు మెండుగా కలిపిన మట్టిపై చల్లి, తడి యారకుండ వెచ్చని నీడలో ఉంచిన చాలును. పెరిగిన మొక్కకు మాత్రము మట్టి లోపలివఱకు ఎండిన పిదపనే నీరు పోయవలెను. ముద్దుచేసి దినదినము పోసినచో వేరు కుళ్లును. మన వానకాలమున కుండీని చూరు క్రిందికి చేర్పుడు. ఒంటిమొక్క తన పుప్పొడితో గింజ కట్టదు గనుక రెండింటిని పెంచి, కుంచెతో పుప్పొడి నందింపవలెను.

పువ్వునకై అన్ని యేండ్లు ఎవరు కాచుకొందురని పెద్దలందురు. ఆఱవ తరగతిలో విత్తిన బాలుడు గాని బాలిక గాని పాఠశాల విడుచునాటికి పువ్వును చూడవచ్చును.