గోడ బీటలిస్తే... లప్పం చాలదు!

గోడకు బీట కనిపించగానే లప్పం పెట్టి రంగు వేయించేస్తాం. వెంట్రుకవాసి గీతలు చాలావరకు ప్లాస్టరింగువే, భయం లేదు. కానీ కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగినా, ఇటుక వరసల వెంట మెట్లుమెట్లుగా దిగినా పునాదిని అనుమానించాలి. గోడకూ గచ్చుకూ మధ్య సందు వచ్చినా, మండువేసవిలోనూ తలుపులు పట్టేస్తున్నా అంతే.

నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాంతోపాటే పునాదీ కదులుతుంది.

బీట చివర్లలో పెన్సిల్‌తో గీత గీసి, వెడల్పు కొలిచి, తేదీ రాసిపెట్టండి. నెలకోసారి చూడండి. పెరుగుతుంటే మేస్త్రీ కన్నా ముందు స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. ఈలోగా గోడల పక్కన వాననీరు నిలవకుండా, పైపులు కారకుండా చూసుకోండి. రంగు బీటను దాస్తుందే తప్ప ఆపదు. పాత ఇల్లు కొనేవాళ్లకూ ఇది వర్తిస్తుంది!