ఎవరు చెబితేనేం?

మొన్న ఖమ్మంలో పెళ్లి భోజనాల దగ్గర రిటైర్డ్ హెడ్మాస్టరొకాయన తేల్చేశారు: "చదువు చెప్పడానికి తెగేమిటండీ? టీచరంటే టీచరే!" బంతిలో ఉన్నవాళ్లంతా తలలూపారు. 2020 ఏప్రిల్ 22 నుంచి ఈ మాట అనేవాళ్లకు గొంతు లేచింది. ఏజెన్సీ టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి మూడో నంబరు జీవోను సుప్రీంకోర్టు ఆ రోజే కొట్టేసింది. గిరిజనులకు గిరిజనులే చెప్పాలనడం అసహ్యమైన ఆలోచన అని కూడా అంది. అసహ్యమట!

ఎవరైనా చెప్పొచ్చు, నిజమే. చెప్పిన ముచ్చటా చూశాం. పోస్టు చర్ల అడవిలో, కాపురం కొత్తగూడెంలో, బస్సు వచ్చినప్పుడే బడి. టీచర్లు బడి మొహం చూడడం లేదనే జీవో తెచ్చామని సర్కారే కోర్టులో చెప్పుకుంది.

ఇప్పపూల కాలం సంగతే తీసుకోండి. పూలు తెల్లారేసరికి రాలిపోయి ఉంటాయి. పొద్దెక్కితే పశువుల పాలు. అందుకని పిల్లలంతా బుట్టలతో చెట్ల కిందే. ఊరి మనిషి టీచరైతే తనూ ఏరినవాడే కాబట్టి వాళ్లొచ్చాకే పాఠం ఎత్తుకుంటాడు. బస్సు దిగినాయన రిజిస్టరులో ఆబ్సెంటు వేసి, వీళ్లకు చదువు మీద శ్రద్ధ లేదని పైకి రాస్తాడు. కోయ భాషలో చెప్పిన జవాబు ఆయన లెక్కలో జవాబే కాదు.

ఊరివాళ్లే టీచర్లు కావాలన్నది ఉద్యమాలవాళ్లు నిన్న కనిపెట్టిందా? పాపికొండల కొండరెడ్ల మీద పుస్తకం రాసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లోనే ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేయించాడు, గోండీలో వాచకాలు రాయించాడు. విప్లవకారుడేం కాదు. కొమురం భీం తిరుగుబాటుతో ఉలిక్కిపడ్డ నిజాం సర్కారు పంపితే వెళ్లినవాడు. హైదరాబాద్ సెమినార్లలో మాత్రం ఎప్పుడూ విద్యావేత్త ఫ్రెయిరె జపమే! బ్రెజిల్ అంజికోస్‌లో కూలీలకు వాళ్ల మాటలతోనే ఆయన అక్షరాలు దిద్దించింది 1963లో, మార్లవాయికి ఇరవయ్యేళ్ల తర్వాత. అంజికోస్ పేరు నోటికొచ్చిన మన ప్రొఫెసర్లలో మార్లవాయి దారి తెలిసినవాళ్లెందరు?

నాణ్యత పడిపోతుందంటారా, కార్పొరేటు కాలేజీల ఖమ్మంలో కూర్చుని ఆ మాట అనడానికి మొహం ఉండాలి. జీవో ఉన్నప్పుడు మాత్రం గిరిజన తెగల్లో కోయలకు దక్కిందెంత అని అడిగే కుర్రాళ్లున్నారు, ఆ తగాదా ఇంకోసారి రాస్తాను. నూరు శాతం వల్ల ఈ పోస్టులకు దూరమైన ఏజెన్సీ దళితుల బాధకూ దారి వెతకాల్సిందే.

నూరు శాతం కుదరదంటే సరే. కోయ మాట్లాడగలిగి, ఊళ్లోనే కాపురం ఉంటానన్నవాళ్లనే తీసుకోండి, ఏ కులమైనా సరే. ఆ షరతు మీద మైదానం నుంచి ఎన్ని దరఖాస్తులొస్తాయో చూద్దాం.