బళ్లారి చెవులతో జాజ్: మేము వినమని చెప్పే ఆల్బమ్‌లు

ఈ పుటల్లో ఇంతవరకూ తాతల నాటి కథలు, పాత నాటకాల ముచ్చట్లు, పండగ వంటలు రాసుకుంటూ వచ్చాం. ఇప్పుడు జాజ్, ఫ్యూజన్ అంటే "వారసత్వానికీ ఈ గోలకీ ఏం సంబంధం?" అని మీలో కొందరు అడుగుతారు. మా ఇంట్లోనూ అడిగారు. సంబంధం ఉందనే మా వాదన. సరిహద్దులో బతికే తెలుగువాళ్లకు ఈ సంగీతం మిగతావాళ్లకంటే తొందరగా అర్థమవుతుందని కూడా మా నమ్మకం.

ఏమంటే, మనం కలగలుపులోనే పుట్టి పెరిగినవాళ్లం. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. మ్యాపులో గీత పడినా బజారులో మాట మారలేదు. అంతకు ముందూ అట్లాగే ఉండేది. బళ్లారి రాఘవ తెలుగులో, కన్నడలో, ఇంగ్లీషులో నటించి మెప్పించారు. దరోజి ఈరమ్మ ఇంట్లో తెలుగు మాట్లాడే బుడ్గ జంగాల బిడ్డ. కుమారరాముని కథను కన్నడలో గంటల తరబడి పాడి, కన్నడిగుల చేత 'బుర్రకథ ఈరమ్మ' అనిపించుకుంది. ఈ ఇద్దరిలో ఎవరూ రెండు భాషలను కలిపి గంజి చెయ్యలేదు. ఏ భాష మాట్లాడితే ఆ భాషను దాని వ్యాకరణంతో మాట్లాడారు.

మంచి ఫ్యూజన్‌కు కూడా మేము పెట్టుకున్న కొలత ఇదే. కలిసి వాయించేవాళ్లలో ప్రతి ఒక్కరికీ సొంత సంగీతం పూర్తిగా వచ్చి ఉండాలి, ఎదుటివాడిది వినే ఓపిక ఉండాలి. త్యాగరాజ కీర్తన వెనక డ్రమ్సు, కీబోర్డు అతికించి "మోడరన్ చేశాం" అంటే అది ఫ్యూజన్ కాదు, పాత చీరకు ప్లాస్టిక్ అంచు కుట్టినట్టు. అట్లాంటివి ఈ జాబితాలో లేవు.

ముందు తాళం వేయండి

జాజ్ అంటే భయపడేవాళ్లు డేవ్ బ్రూబెక్ 'టైమ్ అవుట్' (1959)తో మొదలుపెట్టండి. ఇది అవాంట్‌గార్డ్ కాదు, వాకిలి మాత్రమే. ఇందులో 'టేక్ ఫైవ్' అనేది 5 లెక్కల పాట. మన ఖండచాపు 2, 3గా నడిస్తే ఇది 3, 2గా నడుస్తుంది. 'బ్లూ రోండో' 9 లెక్కలు: 2, 2, 2, 3. చేత్తో తొడ మీద తాళం వేస్తూ వినండి. సంగీతం క్లాసుకు రెండేళ్లు పోయిన పిల్లకైనా ఇది పట్టుబడుతుంది.

జాజ్ కట్టడం కూడా మనకు మరీ కొత్తేమీ కాదు. ముందు ఒక వరస వాయిస్తారు, తరువాత ఒక్కొక్కరూ దాని మీద అప్పటికప్పుడు అల్లుతారు, చివరికి మళ్లీ ఆ వరసకే వస్తారు. పల్లవి అందుకుని, కల్పనస్వరాలు వేసి, ఎత్తుగడకు తిరిగి వచ్చినట్టే. తేడా ఏమంటే, అక్కడ అల్లిక చానావరకు కార్డ్స్ మీద, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుల మీద నడుస్తుంది. మనకు ఆధారం తంబుర శ్రుతి, రాగం.

పాలకొల్లు మాండొలిన్ వెళ్లిన దారి

రెండోది 'శక్తి' మొదటి ఆల్బమ్. 1975లో అమెరికాలో కచేరీలో రికార్డు చేసి 1976లో విడుదల చేశారు. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. మెక్‌లాఫ్లిన్ తన గిటారుకు అడ్డంగా అదనపు తంతులు కట్టించుకున్నాడు. తంతిని లాగి గమకం పలికించడానికి వీలుగా మెట్ల మధ్య కర్రను పల్లంగా చెక్కించుకున్నాడు. ఎదుటివాడి భాష నేర్చుకోవడమంటే ఇట్లా వాద్యాన్నే మార్చుకునేంత దూరం పోవడం. అందులో 'జాయ్' అనే పాట దాదాపు 18 నిమిషాలు. ఓపిగ్గా వినండి.

మూడోది మనవాడిది. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్ పట్టుకున్నప్పుడు దాని మీద గమకం ఎట్లా పలుకుతుందని చానామంది పెదవి విరిచారు. మామూలు మాండొలిన్‌కు జంట తంతులు ఉంటాయి, నాదం తొందరగా ఆరిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు 5 ఒంటి తంతులు పెట్టుకుని, నాదాన్ని నిలబెట్టి, కర్ణాటక సంగీతాన్ని దాని మీద పూర్తిగా పలికించారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఆయన ఇంకా కుర్రాడే. 'రిమెంబర్ శక్తి' బృందంతో చేసిన 'ది బిలీవర్' (2000) వినండి. గిటారు, మాండొలిన్ ఒకదాన్నొకటి అడిగి, బదులు చెప్పుకునే చోట్ల, ఎవరు ఏ దేశం వాళ్లో మరిచిపోతాం గానీ, ఎవరు ఏ సంగీతం వాళ్లో మరిచిపోం. ఫ్యూజన్ చెయ్యడానికి శ్రీనివాస్ తన రాగాన్ని పలుచన చేసుకోలేదు. నెమ్మదిగా ఉండేది కావాలంటే మైకేల్ బ్రూక్‌తో చేసిన 'డ్రీమ్' (1995) ఉంది. ఆయన 2014లో 45 ఏళ్లకే పోయారు. మన దరోజి ఈరమ్మ పోయిందీ ఆ ఏడాదే.

మన కర్ణాటక గడప నుంచి

నాలుగోది 'జ్యోతి'. చార్లీ మరియానో అనే అమెరికన్ శాక్సోఫోన్ వాద్యకారుడు బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ వాళ్లతో కలిసి 1983లో చేసినది. ఆర్.ఎ. రామమణి గాత్రం, టి.ఎ.ఎస్. మణి మృదంగం. మరియానో నాగస్వరం కూడా నేర్చుకున్నవాడు కాబట్టి, రామమణి స్వరం పక్కన ఎప్పుడు ఊరుకోవాలో ఆయనకు తెలుసు. పెద్దవాళ్లకు ఈ జాబితాలో అన్నిటికంటే ముందు నచ్చేది ఇదే కావచ్చు.

ఐదోది రుద్రేష్ మహంతప్ప 'కిన్స్‌మెన్' (2008). ఒక పక్క అమెరికాలో పెరిగి జాజ్ నేర్చుకున్న మహంతప్ప, ఇంకో పక్క మంగళూరు వైపు నాగస్వర విద్వాంసుడి కొడుకు కద్రి గోపాలనాథ్. ఇద్దరిదీ ఆల్టో శాక్సోఫోనే. ఒకటే వాద్యం, రెండు మాతృభాషలు. ఇందులో వయొలిన్ ఎవరిదనుకుంటున్నారు? విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి గారిది. చెన్నై మ్యూజిక్ అకాడమీ 2016లో ఆమెకు సంగీత కళానిధి ఇచ్చింది. అంత సంప్రదాయ విద్వాంసురాలు జాజ్ డ్రమ్సు పక్కన కూర్చుని వాయించినా ఆమె సంప్రదాయానికి ఏమీ కాలేదు. "ఇది సంకరం" అనే పెద్దవాళ్లకు మేము ఇచ్చే బదులు ఈ ఒక్క ఆల్బమే.

ఇంకా ముందుకు పోగలవాళ్లకు

మహావిష్ణు ఆర్కెస్ట్రా 'బర్డ్స్ ఆఫ్ ఫైర్' (1973): మొదటి పాటది 18 లెక్కల నడక. సౌండు తగ్గించి మొదలుపెట్టండి, ఇది గట్టి సరుకు. ఆలిస్ కోల్ట్రేన్ 'జర్నీ ఇన్ సచ్చిదానంద' (1971): హార్ప్ కింద తంబుర మోగుతూ ఉంటుంది, ఫారో శాండర్స్ శాక్సోఫోన్ దాని మీద తేలుతుంది. ఆర్నెట్ కోల్మన్ 'ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్' (1959): అవాంట్‌గార్డ్‌కు ఇదే అసలు గుమ్మం. ఇందులో పియానో లేదు. కార్డ్స్ పరిచేవాడు లేకపోవడంతో వాయించేవాడు వరసను పట్టుకుని ఎటు కావాలంటే అటు పోతాడు. ఆలాపన విన్న చెవికి ఈ స్వేచ్ఛ కొంత తెలిసినదే. మొదటిసారి అడ్డదిడ్డంగా వినిపిస్తుంది. 'లోన్లీ వుమన్' ఒక్కటీ మూడు రోజులు వరసగా వినండి, అప్పుడు చెప్పండి.

ఎందుకు ఇంత చెప్తున్నామంటే

మా ఇళ్లలో పిల్లలు కన్నడ బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదివారు. తెలుగు మాట్లాడతారు, అక్షరాలు చదివేవాళ్లు తక్కువ. హొసపేటలో, బెంగళూరులో, డాలస్‌లో ఉన్న మీ ఇళ్లలోనూ ఇదే కథ అని మీ ఉత్తరాలే చెప్తున్నాయి. ఆ పిల్లలకు మనం వారసత్వాన్ని తాళం వేసిన బీరువాలాగా చూపిస్తున్నాం: ముట్టుకోవద్దు, పాడవుతుంది. అట్లా అంటే వాళ్లు బీరువాకు ఓ దండం పెట్టి వెళ్లిపోతారు. శ్రీనివాస్, కన్యాకుమారి గారు ఇంకో దారి చూపించారు. సొంతది గట్టిగా నేర్చుకుంటే ఎవరి ఇంటికైనా పోయి తలెత్తుకుని మాట్లాడొచ్చు. అయితే ఆ మాటలో మొదటి సగం మరిచిపోకూడదు. సాధన లేకుండా ఫ్యూజన్ మాత్రం కావాలనే పిల్లలకు కూడా ఈ ఆల్బమ్‌లే బదులు చెప్తాయి.

కాబట్టి ఇవి పిల్లలకు లింకు పంపి ఊరుకోవద్దు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క ఆల్బమ్ పెట్టండి, అందరూ ఒక గదిలో కూర్చోండి. తాళం పెద్దవాళ్లు వేయండి, గిటారు ఏం చేస్తోందో పిల్లల్ని చెప్పమనండి. మొదట 'ది బిలీవర్' పెట్టండి. నచ్చకపోతే 'జ్యోతి'. రెండూ నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో మాకు రాయండి, తెలుగులోనో కన్నడలోనో, మీకు ఏది వస్తే అందులో.