ముసలమ్మ కట్ట మీద ఇఫిజెనియా
అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద ముసలమ్మకు గుడి ఉంది. కట్ట తెగబోతుంటే ఊరి కోసం చెరువుకు బలైన కోడలామె; కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ కావ్యం ఆమె కథే. అందుకే మా జిల్లా పిల్లలకు గ్రీకు పురాణాలను జ్యూస్ వంశవృక్షంతో కాదు, ఇఫిజెనియాతో మొదలుపెట్టాలి. ఆమె కథలోనూ బలే: యుద్ధానికి వెళ్లే ఓడలకు గాలి కావాలని తండ్రి అగమెమ్నానే కూతుర్ని బలికి నిలబెట్టాడు. ముందు తొమ్మిదో తరగతి పిల్లలు కట్ట దగ్గరి అవ్వల నోట ముసలమ్మ కథ విని రాసుకు రావాలి; ఏ అవ్వ ఏ ముక్క మార్చిందో పట్టుకోవాలి. గ్రీకుల్లోనూ అంతే: ఈస్కిలస్ చెబితే బలి, యూరిపిడీస్ నాటకం చివర్లో ఆమె స్థానంలో జింక. ఆ మార్పులు ఎవరికి అవసరమయ్యాయో వెతకడమే నా దృష్టిలో పరిశోధన. రెండుచోట్లా ఆడపిల్లనే ఎందుకు అడిగారని ఏ అమ్మాయైనా నాటిక రాస్తే, నేను పూర్తి మార్కులు వేస్తాను.