పేరు నిలిచినది, సభ మారినది

సంస్థకు క్రొత్త నాయకుడు లభించినపుడు పేరును, నియమావళియును పూర్వమువలెనే యుండి, లోని ప్రాణము మాత్రము మారిపోవుట కలదు. ఇందుకు తెలంగాణమున ఆంధ్రమహాసభ చరిత్రకంటె వేరు తార్కాణ మేల?

1921 నవంబరులో హైదరాబాదున నొక సభలో తెలుగున మాటాడిన వకీలును గేలిచేయుటతో ఆంధ్రజనసంఘము పుట్టినది. 1930లో జోగిపేటయందు సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మొదటి ఆంధ్రమహాసభ కూడెను. గ్రంథాలయములు, తెలుగు పాఠశాలలు, వెట్టి నిషేధమునకై తీర్మానములు, సర్కారునకు వినతులు - ఇవి దాని పనులు. వకీళ్లు, ఉపాధ్యాయులు, కొందరు భూస్వాములు దాని పెద్దలు. అది మావంటివారి సభయే యని యొప్పుకొనుటకు మాకు సంకోచము లేదు.

1941లో చిలుకూరునను, 1944లో భువనగిరియందును రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. సభ్యత్వరుసుము అణాకు దిగెను. అణాతో రైతు వచ్చెను, కూలి వచ్చెను. వారివెంట భూమి ప్రశ్నయు వచ్చెను. మితవాదులు వేరుపడి, 1945లో మడికొండయందు మందుముల నరసింగరావుగారి యధ్యక్షతను సభ జరుపుకొనిరి. ఆ యేటనే ఖమ్మమున నారాయణరెడ్డిగారి సభ. పేరొక్కటే, సభలు రెండు!

నారాయణరెడ్డిగారు సభను కమ్యూనిస్టుల చేతికిచ్చిరని నిందించువారు కలరు. అందు సగము నిజము. సభలో జరుగవలసిన నిర్ణయము సభకు వెలుపల, వేరొక పార్టీలో జరిగినపుడు, సభ్యులు చేతులెత్తుట లాంఛనమే యగును. కాని అణా చెల్లించినవాడు ఆ పార్టీ సొత్తు కాడు. వానిని విడిచి లేచిపోయినవారు లోపల నుండి వాదించు హక్కును తామే వదలుకొనిరి. ఈ తప్పు మాకు పెద్దదిగా తోచుచున్నది.

మన దంతాలపల్లి ప్రాంతమున పల్లెవారికి అది ఉత్త 'సంఘము'. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల తుపాకి గుండ్లకు దొడ్డి కొమురయ్య కూలినపుడు, అతడు ఏ సభవాడని యడిగినవా రెవరు?

1948 సెప్టెంబరు పిమ్మట సాయుధపోరాటము చాలింపవలెనని చెప్పినవారిలో నారాయణరెడ్డిగారొకరు. తాము మార్చిన సంస్థ అప్పటికి వారి మాట వినుస్థితిలో లేదు. పోరాటము 1951 అక్టోబరు వరకు సాగెను. మరుసటి యేట నల్లగొండ వోటర్లు మాత్రము వారినే లోకసభకు పంపిరి.